ముక్కు దగ్గరే వచ్చింది చిక్కంతా

ఒరేయ్,

నెల్లాళ్లుగా జాబు లేదని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో. మట్టిలో చేతులు పెట్టుకుని కూర్చున్నాను మరి. చెక్క పలక మీద బంకమన్ను పరిచి, నాన్న ముఖాన్ని ఉబ్బెత్తు బొమ్మగా తేవాలని నా తంటా. మందం అరంగుళం కూడా లేదు. ముందు ఎదురుగా చూస్తున్నట్టు చేశాను. ఆ కాస్త మందంలో ముక్కు ఎక్కడ లేస్తుంది? అప్పడంలా అణిగిపోయింది. పక్కకి తిరిగి ఉన్న ఫొటో ఒకటి వెతికి పట్టుకున్నాక నుదురు, ముక్కు, గడ్డం ఒక్క గీతలో వచ్చేశాయి. నాణేల మీద రాజులు మన వంక చూడకుండా పక్కకెందుకు తిరిగి ఉంటారో అప్పుడర్థమైంది!

ఇంకో సంగతి. లోతు లెక్కగా తగ్గించుకుంటూ పోతే బొమ్మలో ప్రాణం ఉండదు. చెంప దాదాపు చదునుగా వదిలేసి, రెప్ప అంచు మాత్రం పదునుగా కొయ్యాలి. అంతా కంటిని మోసం చెయ్యడమే. మిగతా పని పక్కనుంచి పడే వెలుతురు చేస్తుంది. దీపం ఎదురుగా పెట్టావా, నాన్న మాయం. ఇటలీ శిల్పి దొనాతెల్లో ఈ మోసంలో ఘనుడు. 1417 ప్రాంతంలో సెయింట్ జార్జ్ విగ్రహం కింది పలకలో, పాలరాతిని గోటితో గీరినంత లోతులోనే దూరాన ఉన్న మండపాన్ని చూపించాడు. ఆ పద్ధతిని ఇటలీలో స్కియాచాతో అంటారు, అణగ్గొట్టినదని అర్థం.

ఇక గుర్తుల సంగతి. పిసానెల్లో అనే ఇటలీ కళాకారుడు 1447లో చెచీలియా గొంజాగా అనే ప్రభువుగారమ్మాయికి పోతపోసిన పతకం చూడు. ఒకవైపు ఆమె ముఖం, రెండోవైపు నెలవంక కింద ఒంటికొమ్ము మృగంతో ఒక కన్య. ఆ మృగం కన్యకే లొంగుతుందని నమ్మేవాళ్లు. చెచీలియా సన్యాసిని అని చెప్పడానికి అంత హంగామా. నాకైతే కొంచెం పాఠంలా అనిపిస్తుంది.

నాకు నచ్చింది అమెరికా శిల్పి సెయింట్ గాడెన్స్ చేసిన స్టీవెన్సన్ బొమ్మ. అదే, 'ట్రెజర్ ఐలాండ్' రాసినాయన. 1887లో ఆ రచయిత జబ్బుతో మంచం మీద, దిండ్లకి ఆనుకుని కూర్చున్నాడు, వేళ్ల మధ్య సిగరెట్. అదే బొమ్మ 1904లో ఎడిన్‌బరో చర్చిలోకి వెళ్లేసరికి మంచం కాస్తా సోఫా అయింది, సిగరెట్ పోయి కలం వచ్చింది! మనిషి పోయి రచయిత మిగిలాడు.

నా టెన్షన్ కూడా అక్కడే. ఆ ఫొటోలో నాన్న చెవి మీద సగం కాల్చిన సిగరెట్ ఉంది. అమ్మ తీసెయ్యమంటోంది. మట్టి ఇంకా పచ్చిగానే ఉంది, తడిగుడ్డ కప్పి ఉంచాను. ఏం చెయ్యమంటావో త్వరగా రాయి.

నీ
మట్టి చేతుల వాడు