దూబగుంట తల్లుల మనవల కోసం: జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి నమస్కారములు.

అక్షరాస్యత తరగతుల్లో చదువు నేర్చిన మన జిల్లా దూబగుంట గ్రామ మహిళలు, ఆ ఊరి రోశమ్మ గారితో కలిసి సారాకు వ్యతిరేకంగా 1992లో మొదలుపెట్టిన పోరాటం, 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధానికి దారితీసిన సంగతి తమకు తెలిసినదే. ఆ తల్లుల మనవలు నేడు ఇంటర్ చదువుతున్నారు. 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మరాదని చట్టం ఉన్నా, పదహారేళ్ల కుర్రాడు సీసా కొనుక్కుని వెళ్లడం నేను కళ్లారా చూశాను, నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

దుకాణాల్లో వయసు తనిఖీ చేయించండి. మెదడు ఎదుగుదల ఇరవై దాటాక కూడా సాగుతుందని, ఆ వయసులో మద్యం జ్ఞాపకశక్తిని దెబ్బతీస్తుందని భయపెట్టకుండా వివరించే వైద్యులను కళాశాలలకు పంపించండి. అంతకన్నా ముఖ్యంగా, స్నేహితుడు గ్లాసు అందించినప్పుడు "నాకొద్దురా" అని తడబడకుండా చెప్పడాన్ని పిల్లల చేత సాధన చేయించి, నాటి ఉద్యమంలో నడిచిన అవ్వలను వారి ముందు మాట్లాడించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తల్లి, కావలి