పారిపోవడం కాదది

సంపాదకునికి,

వలస కళాకారులపై మీ వ్యాసంలో ఆర్కెస్ట్రా నిర్దేశకుడు రఫాయెల్ కుబెలిక్ ‘పారిపోయాడు’ అని రాయడం నన్ను బాధించింది. నాజీల ఆక్రమణ కాలమంతా ఆయన స్వదేశమైన చెకోస్లొవేకియాలోనే ఉన్నారు. 1942 నుంచి చెక్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాకు సారథి. 1948లో కమ్యూనిస్టులు అధికారం చేజిక్కించుకున్నాక, ఎడిన్‌బరో ఉత్సవానికని వెళ్లి తిరిగి రాలేదు. కళ మీద పార్టీ పెత్తనాన్ని ఒప్పుకోలేని మనిషికి మరో దారేముంది? షికాగో, లండన్, మ్యూనిక్ ఆయనకు వేదికలిచ్చాయి. ప్రాగ్ మాత్రం 42 ఏళ్లు దూరమైంది. కీళ్లనొప్పులతో నిర్దేశనమే మానేసిన ఆయన, కమ్యూనిస్టు పాలన పోయాక 1990లో, 75 ఏళ్ల వయసులో, ప్రాగ్ వసంత సంగీతోత్సవ వేదికెక్కి చెక్ స్వరకర్త స్మెతనా కృతి ‘నా మాతృభూమి’ని వినిపించారు. దేశాన్ని వదులుకున్నవారు చేసే పనా అది? దయచేసి ఆ మాట సరిదిద్దండి.

– ఒక సంగీతాభిమాని, రాజమహేంద్రవరం