సందుగకు బందులు దొరకడం లేదు

ఎడిటర్ గారికి నమస్కారం.

రోడ్లు, నీళ్లు, కరెంటు గురించి వచ్చే ఉత్తరాల మధ్య నాది చిన్న విషయంలా కనిపించవచ్చు. అయినా వేయమని అడుగుతున్నాను, ఎందుకంటే నాలుగు నెలలుగా ఇదే పని మీద ఊరంతా తిరుగుతున్నాను, నాలాగే తిరిగేవాళ్లు ఇంకా ఉన్నారని షాపులవాళ్లే చెప్పారు. నాకు కావలసింది మూడే మూడు ఇత్తడి బందులు, సందుగ అంటే పాతకాలపు చెక్కపెట్టె, దాని మూత తెరిచి మూయడానికి వీలుగా పెట్టెకు కలిపి వేసేవి.

మా నాయనమ్మ సందుగ జనగామ దగ్గర మా ఊళ్లో, పెదనాన్న ఇంట్లో ఉంది. వాళ్ల వాటాకు వచ్చిన వస్తువును ఇమ్మని అడగడం పద్ధతి కాదు కదా. అందుకని కొలతలు తెచ్చుకుని అచ్చం అలాంటిదే ఒకటి ఇక్కడ చేయించాను. మా పాత ఇల్లు విప్పినప్పుడు దాచిపెట్టిన టేకు దూలాన్ని కోయించాం. రెండున్నర అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, ముప్పావు అంగుళం మందం పలకలు. మా వడ్రంగి అన్న మూలల్లో ఒక్క మేకు కూడా కొట్టకుండా, పలకల అంచులకు పళ్లు కోసి ఒకదాంట్లో ఒకటి బిగించాడు. పని అంత బాగా కుదిరింది. తీరా మూత పెట్టే దగ్గర ఆగిపోయాం.

అసలు సందుగ బందులను ఫోన్ టార్చి వేసుకుని బాగా దగ్గర నుంచి చూశాను. ఇత్తడి రేకును సుత్తితో కొట్టి చేసినవి అవి. ఆ దెబ్బల గుంటలు ఇప్పటికీ వేలికి తగులుతాయి. మూత వైపు రెక్క పొడుగ్గా వెళ్లి చివర రావి ఆకులా సన్నబడుతుంది. రేకును గొట్టంలా చుట్టిన చోట ఇనుప సీల ఉంది, అది తుప్పు పట్టి నల్లగా అయింది గానీ అరగలేదు. స్క్రూ అన్నది ఒక్కటీ లేదు. మేకులు బయట నుంచి కొట్టి, లోపలికి వచ్చిన మొనలను వెనక్కి వంచి మళ్లీ చెక్కలోకే దిగ్గొట్టారు, చేత్తో లాగితే వచ్చేవి కావు. మూత ఎత్తితే కిర్రుమంటుంది. నాయనమ్మ బెల్లం ముక్క తీస్తోందని ఆ చప్పుడును బట్టే పిల్లలందరికీ తెలిసేది.

హార్డ్‌వేర్ షాపులు ఉండే రాణిగంజ్‌లో మొదలుపెట్టాను. అక్కడ చాలా షాపుల్లో బందులంటే అర్థం కాదు, కబ్జాలు అని అడగాలి. ఎక్కడికి వెళ్లినా చూపించేవి రెండే రకాలు. ఒకటి గది తలుపులకు వేసే మూడు, నాలుగు అంగుళాల సైజు, దాని రెక్క వెడల్పే అంగుళం దాటుతుంది కాబట్టి నా ముప్పావు అంగుళం పలక అంచు మీద కూర్చోదు. రెండోది మాడ్యులర్ కిచెన్ల కోసం వచ్చిన కప్పు రకం, దానికి తలుపులో 35 మిల్లీమీటర్ల గుండ్రటి గుంట తవ్వాలి. ప్లైవుడ్ కప్‌బోర్డుకు అది చక్కగా సరిపోతుంది, సందుగకు మాత్రం పెట్టలేం. ఒక షాపులో "ఇవి యాంటిక్ మేడమ్" అంటూ వేరే డబ్బా తీశారు. ఆకారం బాగానే ఉంది, రంగు కూడా పాత ఇత్తడిలాగే ఉంది. మా ఫ్రిజ్ తలుపు మీద ఉండే అయస్కాంతాన్ని ఆ రోజుల్లో బ్యాగులో వేసుకునే తిరిగేదాన్ని, అది దగ్గర పెట్టగానే టక్కున అంటుకుంది. అయస్కాంతం ఇత్తడికి అంటదు. అంటే లోపల ఉన్నది ఇనుము, పైన పూత. వానాకాలం రెండు సార్లు గడిస్తే పూత లేచి, తుప్పు మరక చెక్క మీదికి దిగుతుంది. బందులు కొనేవాళ్లు ఎవరైనా సరే, ముందు ఈ ఒక్క పరీక్ష చేసుకోండి.

చివరికి ఓపిక పోయి, నిజమైన ఇత్తడివే అయినా కాస్త చిన్నవి కొనేశాను. మా వడ్రంగి అన్న ఊళ్లో లేడు, వేరే ఒకాయన్ని పిలిచాను. ఆయన మిషన్‌తో ఇత్తడి స్క్రూలను నేరుగా టేకులోకి తిప్పాడు. రెండో స్క్రూ తల పుటుక్కున తెగిపోయింది, మిగతా సగం లోపలే ఉండిపోయింది. ఇత్తడి మెత్తన, టేకు గట్టిది, ముందు సన్న బెజ్జం పెట్టకపోతే ఇలాగే అవుతుందని తర్వాత మా అన్న వచ్చి చెప్పాడు. బెజ్జం పెట్టి, అదే సైజు ఇనుప స్క్రూను ఒకసారి లోపలికి తిప్పి తీసేసి, అప్పుడు ఇత్తడి స్క్రూకు సబ్బు రాసి చేత్తో తిప్పాలట. స్క్రూ తల మీద గాడి కూడా అడ్డంగా ఒక్క గీతే ఉండాలని పట్టుబట్టాడు. ఆయన మాట నిజమే, నక్షత్రం గాడి, అంటే ప్లస్ గుర్తులా ఉండే గాడి స్క్రూలు 1930ల్లో అమెరికాలో మొదలయ్యాయి, నాయనమ్మల కాలం పెట్టె మీద అవి ఉంటే ఎంత మంచి పనైనా కంటికి తేడాగా కనిపిస్తుంది.

ఆ తొందరలో ఇంకో తప్పు కూడా చేశాం. మూతకు గొలుసు వేయలేదు. మూత నిటారుగా లేచి ఆగకుండా వెనక్కి వాలిపోయింది, ఆ బరువంతా స్క్రూల మీద పడి, బందు ఊడుతూ ఊడుతూ బొటనవేలంత టేకు పెచ్చును కూడా లేపుకొచ్చింది. ఆ మచ్చ చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. పాత సందుగలో లోపల పక్కన సన్న గొలుసు ఉంది, అది అలంకారానికి అనుకున్నాను ఇన్నాళ్లూ.

ఆ తర్వాత ఎర్రగడ్డ ఆదివారం అంగడి, జుమ్మేరాత్ బజార్ రెండూ తిరిగాను. జుమ్మేరాత్ బజార్‌కు గురువారం పొద్దున్నే వెళ్తే పాత తలుపుల నుంచి, పెట్టెల నుంచి విప్పిన సామాను కుప్పలుగా పోసి ఉంటుంది. అక్కడే నాకు ఒక జత దొరికింది, సుత్తి దెబ్బలతో, దాదాపు మా సందుగ కొలతే. ఆసిడ్‌లో ముంచి మెరుపు తెస్తామన్నారు ఒకరు, వద్దన్నాను. చింతపండు కూడా పెట్టలేదు. మట్టి పోయేలా సబ్బు నీళ్లతో కడిగి తుడిచానంతే, ఆ నల్లదనం ఎన్ని చేతులు పడితే వచ్చిందో. కానీ సందుగకు కావలసినవి మూడు, నా దగ్గర ఉన్నవి రెండు. మూడోది అలాంటిదే ఎక్కడా లేదు.

నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇప్పుడు చెబుతాను. హైదరాబాద్ నుంచి వరంగల్ రోడ్డు మీద వెళ్తే జనగామ ఇంకా రాకముందే పెంబర్తి వస్తుంది. ఇత్తడి రేకును సుత్తితో కొట్టి దేవుడి కవచాలు, గుడి తలుపుల తొడుగులు, షీల్డులు చేసే చేతులు అక్కడ ఉన్నాయి, జీఐ, అంటే ఫలానా ఊరి పని అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు కూడా ఉన్న పని అది. ఇదే రేకు, ఇదే సుత్తి, బందుకు అదనంగా కావలసింది ఒక సీల. అంత పనితనం పక్కనే పెట్టుకుని మనం ఇనుము మీద పసుపు పూత కొనుక్కోవడం నాకు బాధగా ఉంది. వాళ్లకు ఆర్డరు ఇచ్చేవాళ్లు లేక షీల్డులు, బొమ్మల దగ్గరే ఆగిపోకూడదు. బందులు, గొలుసులు, గొళ్లేలు, తాళం చెవి బెజ్జం చుట్టూ వేసే రేకులు, ఇలాంటి చిన్న సామాను నాలుగైదు సైజుల్లో చేయించి, చేతివృత్తుల ఎంపోరియంలలో జతల లెక్కన, విడిగా కూడా అమ్మేలా చూడమని సంబంధించిన అధికారులను అడుగుతున్నాను. డజను కొంటేనే ఇస్తామంటే ఒక్క పెట్టె చేయించుకునేవాళ్లు ఏం చేయాలి? పాత ఇళ్లు విప్పుతున్నవాళ్లు చాలామంది ఉన్నారు, దూలాలు అమ్మకుండా పెట్టెలు, పీటలు చేయించుకుంటున్నవాళ్లూ ఉన్నారు. కొనేవాళ్లు లేరనే మాట నేను ఒప్పుకోను.

మీకు కూడా ఒక విన్నపం. ఆదివారం అనుబంధంలో చిన్న డబ్బా కేటాయించి, ఏ వస్తువు ఎక్కడ చేస్తారో, చేతిపని ఎక్కడ మిగిలి ఉందో వారానికి ఒకటి వేయండి. కమ్మరి కొలిమి ఇంకా నడుస్తున్న ఊరు మీ పాఠకుల్లో ఎవరికైనా తెలిసి ఉంటుంది.

వచ్చే నెల పెంబర్తి వెళ్తున్నాను. దొరికిన జతను గుడ్డలో చుట్టి తీసుకెళ్తాను, పెదనాన్న ఇంటికి వెళ్లి అసలు బందు ఆకారాన్ని కాగితం మీద పెన్సిల్‌తో రుద్ది అచ్చు కూడా తెచ్చుకున్నాను. అంతవరకు మూత గోడకు ఆనించే ఉంటుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
నల్లకుంట, హైదరాబాద్