అమ్మమ్మ వీణ బిరడలు

విజయవాడ,
సత్యనారాయణపురం

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం అందింది. మీ అమ్మగారి తంబూరాకి తీగలు బిగించే కర్ర పిడులు, అదే బిరడలు, జారిపోతున్నాయని, వాటిని పీకించి గిటార్ కీలు పెట్టించేస్తానని రాశావు. ఈ ఉత్తరం చదివేదాకా ఆగరా, నీకు దణ్ణం పెడతాను.

నేనూ మా అమ్మమ్మ వీణకి అదే చేయించబోయాను. అటక మీద పాత దుప్పటి చుట్టి ఉండేది చూడు, ఆ నూజివీడు వీణ. పోయిన నెల దించాను. మొదటి తీగ సారణిని షడ్జానికి, అంటే ‘స’ స్వరానికి, ఎక్కించి చెయ్యి తీశానో లేదో, బిరడ కిర్రుమంటూ వెనక్కి తిరిగిపోయేది. ఎప్పుడో బాగుచేస్తానని పట్టుకెళ్ళిన ఒకాయన రంధ్రంలో జిగురు పోసి పంపాడు. అది గీకి తీయడానికే రెండు రోజులు పట్టింది. కడుపు తరుక్కుపోయిందనుకో.

చివరికి గుంటూరులో వీణలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన బిరడ ఊడదీసి, కిటికీ వెలుతుర్లో మెల్లగా తిప్పారు. కాడ మీద ఒక పక్కన గోరంత వెడల్పున నల్లటి మెరుపు, మిగతాదంతా మసక. “మెరిసిన చోటే ఆనుతోంది బాబూ, మిగతాదంతా గాల్లో ఉంది” అన్నారు. నాకు అప్పుడు వెలిగింది. బిరడని పట్టి ఉంచేది మరా కాదు, మేకూ కాదు. సన్నబడుతూ పోయే కాడ అలాగే సన్నబడే రంధ్రంలో చుట్టూ ఒరుసుకోవడమే దాని బలమంతా.

మరి ఆ రంధ్రం ఎందుకు చెడింది? కర్ర పొడుగువారీ దాదాపు మారదు. అడ్డంగానే వానాకాలం ఉబ్బి, ఎండలకి కుంచించుకుపోతుంది. మన బెజవాడ ఎండల్ని అన్నేళ్ళు తట్టుకునేసరికి గుండ్రటి రంధ్రం కాస్తా కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చింది. పైగా తీగ లాగుడు తక్కువేం కాదు. అదే తీగని వీణ మీద ఒక మెట్టంత, అంటే అర స్వరం, పైకి శ్రుతి చేయాలంటే బిగువు సుమారు 12 శాతం పెరగాలి, పై షడ్జం దాకా అయితే నాలుగింతలు కావాలి. ఆ లాగుడుకి బిరడ వెంట్రుకవాసి జారినా చెవికి తెలిసిపోతుంది.

ఆయన రంధ్రాన్ని సన్నగా ఒరిపించి గుండ్రం చేశారు. బిరడకి సుద్ద రాసి లోపల తిప్పి తీశారు. సుద్ద చెరిగిన చోటే ఎత్తు ఉన్నట్టు. అక్కడ ఉప్పుకాగితంతో ఒక్క రుద్దు రుద్ది మళ్ళీ తిప్పారు. ఎన్నిసార్లు చేశారో లెక్కపెట్టలేదు గానీ, మధ్యలో రెండు టీలయ్యాయి. చివరికి కాడ చుట్టూ మెరుపు వచ్చింది. రంధ్రం మరీ పెద్దదైపోతే అదే జాతి కర్ర బిళ్ళ అతికి, కొత్తగా తొలుస్తారట. ఆ తర్వాత బిరడ జారితే సుద్దపొడి, బిగుసుకుంటే కాస్త పొడి సబ్బు, అంతే. తీగ చుట్లు ఒకదాని మీద ఒకటి పడకూడదు, తిప్పేటప్పుడు బిరడని లోపలికి నొక్కుతూ తిప్పాలి. ఈ రెండూ మీ అమ్మగారికీ చెప్పు.

సన్నటి సవరింపు బిరడతో చేయకు. వీణకి తీగల చివర జరిపే లంగర్లనే రింగులున్నట్టే మీ తంబూరాకి పూసలున్నాయిగా, దగ్గరికి తెచ్చాక వాటిని జరిపి చూసుకో. (రోహిణి కార్తెలో మైనం మెత్తబడి మా 24 మెట్లూ కదలడం వేరే గొడవ. దానికి మళ్ళీ మేళం కట్టించాల్సిందే, అంటే మైనంలో మెట్లు మళ్ళీ కూర్పించాల్సిందే.)

కొత్త వాయిద్యానికి కీలు పెట్టించుకుంటే నేను కాదనను. పాతదానికి మాత్రం వద్దురా. కీల కోసం తీసేసిన కర్ర మళ్ళీ రాదు.

నిన్న రాత్రి సారణి శ్రుతి చేసి పడుకున్నాను. పొద్దున్నే లేచి మీటితే షడ్జం అక్కడే ఉంది. అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. వచ్చే ఆదివారం తంబూరా తీసుకుని వచ్చెయ్, ఇద్దరం గుంటూరు వెళ్దాం.

నీ
బావ