మెట్ల మీద ఫోన్ ఎత్తొద్దు

చిరంజీవి పెద్దోడికి,

నాయన ఆశీస్సులు. ఇక్కడ మేమంతా కులాసా. కోడలు, పాప బాగున్నారని తలుస్తాను.

మొన్న మీరు కర్నూలు వచ్చినప్పుడు కొండారెడ్డి బురుజు ఎక్కాం కదా. పాప మీ అమ్మ చెయ్యి పట్టుకుని ముందు పోతోంది, నేను నీ వెనకాలే ఉన్నాను. ఫోన్ మోగినప్పుడల్లా నీ కాలు ఆగిపోయింది, చెయ్యి గోడను వెతుక్కుంది. మాట అయిపోయాకే ఇంకో మెట్టు ఎక్కావు. దిగేటప్పుడు మాత్రం మాట్లాడుతూనే దిగావు, మెట్టు అంచున మడమ జారింది. గోడ అందింది కాబట్టి సరిపోయింది. ‘చూసుకుని నడువురా’ అని మీ అమ్మ కేకేసింది. కానీ అది చూపు తప్పు కాదు, నిర్లక్ష్యమూ కాదు. ఇన్నేళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నవాణ్ణి, కాలు ఎందుకు ఆగుతుందో నాకు తెలుసు. నువ్వు ఒళ్లు చేశావు నాయనా, దాని సంగతే ఇది.

కదలకుండా నిలబడ్డామనుకుంటాం గానీ ఒళ్లు ముందుకూ వెనక్కూ సన్నగా ఊగుతూనే ఉంటుంది. కళ్లు, లోపలి చెవి, కీళ్లు, అరికాళ్లు పంపే కబుర్లతో మెదడు ఎప్పటికప్పుడు దాన్ని సరిచేస్తుంటుంది. బొజ్జ పెరిగేకొద్దీ బరువు కాలివేళ్ల వైపు జరుగుతుంది. ముందుకు పడకుండా ఆపే పని పిక్కల మీద పడుతుంది. ఎప్పుడూ ఎక్కువ బరువు మోసే అరికాలికి స్పర్శ కూడా కొంత మందగిస్తుంది. ఊగడం పెరిగి, కబురు సరిగా అందనప్పుడు మెదడు నిలబడటానికే ధ్యాస ఖర్చుపెట్టాలి. సన్నటి మనిషికి దానంతటదే జరిగిపోయే పని నీకు ధ్యాస అడుగుతుంది. అలాంటప్పుడు మెట్ల మీద ఫోన్ ఎత్తడమంటే, చంకన నిండు బిందె ఉన్న మనిషిని దారిలో ఆపి లెక్క అడిగినట్టే.

మాట్లాడితే నడక ఆగిపోయే ముసలివాళ్లు పడిపోయే అవకాశం ఎక్కువని 1997లోనే స్వీడన్ పరిశోధకులు చెప్పారు. వాళ్లు చూసింది వృద్ధాశ్రమాల్లో ఉన్నవాళ్లను. నీకింకా నలభై రాలేదు, అదే నా దిగులు.

లావుగా ఉంటే పడినా ఎముకకు దెబ్బ తగలదని మనవాళ్లు అంటుంటారు. తుంటి మాటేమో గానీ చీలమండకు అది వర్తించదు. మడత పడినప్పుడు ఒంటి బరువంతా దాని మీదే పడుతుంది. అలా విరగ్గొట్టుకుని వచ్చినవాళ్లను నిలబెట్టి మొదటి అడుగు వేయించడం ఎంత కష్టమో నాకు తెలుసు. భయంతో భుజం పట్టుకుని వదలరు.

మన దేశపు డాక్టర్లు 2009లో పెట్టిన లెక్కలో బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క, 25కు చేరితే చాలు ఊబకాయమే. మగవాళ్ల నడుము 90 సెంటీమీటర్లు దాటకూడదు. నీది 42 అంగుళాలు, అంటే 106 పైమాటే. అయినా బెంబేలు పడొద్దు. లావైన మగవాళ్లు బరువు తగ్గితే ఒళ్లు ఊగడం కూడా తగ్గుతుందని కెనడా పరిశోధకులు 2007లో చూపించారు. పోయిన నిలకడ తిరిగి వస్తుంది.

అలాగని పస్తులుండొద్దు. కొవ్వుతో పాటు కండా కరిగిపోతుంది, నీకు కావలసింది పిక్కల్లో, తొడల్లో బలం. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చో. వంటగట్టు పట్టుకుని మడమలెత్తు. తర్వాత అదే గట్టు పక్కన, చెయ్యి అందేంత దూరంలో ఒంటికాలి మీద నిలబడు. వారంలో రెండు రోజులైనా ఇవి చెయ్యి. నడక వారానికి 150 నిమిషాలకు తగ్గకూడదు. ఉగ్గాని తిను, పక్కన బజ్జీలు మానుకో. రాత్రికి సంగటి ఒక ముద్దతో ఆపి, ఆకుకూర పప్పు ఎక్కువ వేసుకో.

ఆఫీసు మెట్లయినా ఇంటి మెట్లయినా ఒక చెయ్యి రెయిలింగ్ మీదుండాలి, ఫోన్ జేబులో ఉండాలి. మేనేజరే చేసినా సరే, కిందికి దిగాక మాట్లాడు. పాపను ఎత్తుకుని దిగేటప్పుడు ఇది మరీ ముఖ్యం. ఎత్తుకున్న పిల్ల కాళ్ల కిందటి మెట్టును కనపడనివ్వదు, బరువు ఇంకా ముందుకు లాగుతుంది.

ఈ వారంలో పరగడుపున షుగర్ పరీక్ష చేయించు. షుగర్ ఉంటే అరికాలి నరాలు ఇంకా దెబ్బతింటాయి, తిమ్మిర్లు వచ్చేదాకా చూడకూడదు. రిపోర్టు నాకు వాట్సాప్ చెయ్యి. దసరాకు వచ్చినప్పుడు నీ పాదాలు నేనే పరీక్షిస్తాను.

ఇట్లు,
మీ నాయన
కర్నూలు