వార్షిక నివేదిక: వర్చువల్ మెషిన్‌లో వెబ్ సర్వర్ సాధన

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది గుంటూరులో మన సంఘం నడిపిన ఆదివారం తరగతులు ఎక్కువగా వెబ్ సర్వర్, అంటే అడిగినవాళ్లకి వెబ్ పేజీలు పంపే ప్రోగ్రామ్, అమర్చడం మీదే సాగాయి. అద్దె సర్వర్ జోలికి పోకుండా ఎవరి లాప్‌టాప్‌లో వాళ్లే వర్చువల్ మెషిన్ (కంప్యూటర్ లోపల ప్రోగ్రామ్‌గా నడిచే ఇంకో కంప్యూటర్) పెట్టుకున్నారు. నెలనెలా డబ్బు కట్టే పని లేదు, చెడగొట్టుకుంటే స్నాప్‌షాట్‌కి, అంటే ముందే దాచుకున్న స్థితికి, వెనక్కి వెళ్లొచ్చు.

అమరిక ఒకటే: వర్చువల్ మెషిన్ నడిపే వర్చువల్‌బాక్స్, అందులో లినక్స్ రకమైన ఉబుంటు సర్వర్ 24.04, 2 జీబీ ర్యామ్, 25 జీబీ డిస్క్. లాప్‌టాప్‌లో 8 జీబీ ఉంటే ఇబ్బంది లేదు. 4 జీబీయే ఉంటే ఇన్‌స్టాల్ అయ్యాక గెస్ట్‌ని (లోపలి మెషిన్‌ని) 1 జీబీకి తగ్గించి, బ్రౌజర్ ట్యాబులు మూసేసుకోవాలి. ఎం1, ఆ తర్వాతి చిప్‌లున్న యాపిల్ మ్యాక్‌లకి వర్చువల్‌బాక్స్ బదులు యూటీఎం, ఆర్మ్ ప్రాసెసర్‌కి సరిపోయే ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ ఫైల్) వాడాం.

మెషిన్ అసలు లేవకపోతే ముందు బయోస్ (లాప్‌టాప్ ఆన్ చేయగానే తెరవగల మూల సెట్టింగులు) చూడాలి. వర్చువల్ మెషిన్లకి తోడ్పడే ప్రాసెసర్ సదుపాయం, అంటే ఇంటెల్‌లో వీటీ-ఎక్స్, ఏఎండీలో ఎస్‌వీఎం, ఆపేసి ఉంటుంది. అది ఆన్ చేశాక కూడా నత్తనడక నడుస్తుంటే కిటికీ అడుగున తాబేలు బొమ్మ ఉందేమో చూడండి. ప్రాసెసర్‌ని విండోస్ సొంత వర్చువల్ మెషిన్ వ్యవస్థ హైపర్-వీ ముందే పట్టుకుందని దానర్థం. హైపర్-వీ తీసేయొచ్చు గానీ, డబ్ల్యూఎస్ఎల్ 2 (విండోస్‌లోనే లినక్స్ నడిపే సదుపాయం) వాడేవాళ్లకి అదీ ఆగిపోతుంది.

ఇంకో తిరకాసు డిస్క్‌ది. 25 జీబీ ఇచ్చినా రూట్‌కి (ఉబుంటు ఉండే ప్రధాన భాగానికి) సుమారు సగమే దక్కుతుంది. ఎల్‌వీఎం (డిస్క్‌ని భాగాలుగా పంచే పద్ధతి) కింద మిగతాది ఇన్‌స్టాలరే ఖాళీగా వదిలేస్తుంది. ఎల్‌వీఎక్స్‌టెండ్ కమాండ్‌తో ఆ ఖాళీ కలిపి, తర్వాత ఫైల్ సిస్టమ్‌ని పెంచే రీసైజ్2ఎఫ్ఎస్ కొట్టాలి. రెండోది మర్చిపోతే ఖాళీ ఎంతో చూపే డీఎఫ్ కమాండ్‌లో పాత లెక్కే కనిపిస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ సమయం తిన్నది నెట్‌వర్క్. న్యాట్‌లో, అంటే హోస్ట్ (బయటి లాప్‌టాప్) చాటున గెస్ట్ నెట్‌కి వెళ్లే పద్ధతిలో, గెస్ట్ ఐపీ చిరునామా మామూలుగా 10.0.2.15, ఎవరి లాప్‌టాప్‌లో చూసినా అదే. దాన్ని విండోస్ బ్రౌజర్‌లో కొడితే పేజీ రాదు, ఎందుకంటే బయటి నుంచి లోపలికి దారి లేదు. పోర్ట్ ఫార్వార్డింగ్‌లో హోస్ట్ పోర్టు 8080ని గెస్ట్‌లో వెబ్ పేజీల పోర్టు 80కి, 2222ని ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) పోర్టు 22కి కలిపి, బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ పక్కన 8080 రాయాలి. గుంటూరు బ్రాడీపేటలో లైను ఒక్కటే చెబితే ఇల్లు దొరకదు, అడ్డరోడ్డు నంబరూ చెప్పాలి. ఐపీ, పోర్టు సంగతీ అంతే.

బ్రిడ్జ్ మోడ్‌లో (మెషిన్ నేరుగా బయటి నెట్‌వర్క్‌లో చేరే పద్ధతిలో) క్లోన్లు, అంటే మెషిన్ కాపీలు, ఇంకోలా ఏడిపిస్తాయి. మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు నంబరు) మార్చినా రెండు మెషిన్లకీ ఒకే ఐపీ వస్తుంది. ఐపీలు పంచే డీహెచ్‌సీపీకి ఉబుంటు తనని మెషిన్-ఐడీ ఆధారంగా చెప్పుకుంటుంది, క్లోన్‌లో అదీ కాపీ అవుతుంది. క్లోన్‌లో ఈటీసీ ఫోల్డర్ కింది మెషిన్-ఐడీ ఫైల్‌ని తుడిచేయకుండా లోపల మాత్రమే ఖాళీ చేసి రీబూట్ చేస్తే కొత్తది పుడుతుంది.

ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌లో ఒకే మెషిన్ మీద రెండు సైట్లు పెట్టించాం. పేర్లు డాట్ టెస్ట్‌తో ముగించి, ఏ పేరుకి ఏ ఐపీయో చెప్పే హోస్ట్స్ ఫైల్‌లో రాసుకోవాలి. డాట్ డెవ్ వద్దు. బ్రౌజర్లు దాన్ని బలవంతంగా హెచ్‌టీటీపీఎస్‌కి మళ్లిస్తాయి, సర్టిఫికెట్ లేని సాధన సైటు తెరుచుకోదు. పేజీ ఫైళ్లు హోమ్ ఫోల్డర్‌లో పెడితే 403 (అనుమతి లేదనే తప్పు) వస్తుంది. ఉబుంటు 21.04 నుంచి హోమ్ అనుమతి 750 (యజమానికి, ఆ గ్రూపుకి తప్ప ఇతరులకి ప్రవేశం లేదు), అందులోకి ఎన్‌జిన్‌ఎక్స్ నడిచే యూజర్ డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా అడుగు పెట్టలేదు. 777 (అందరికీ అన్ని అనుమతులూ) ఇచ్చేసి చేతులు దులుపుకోవడం మాకు నచ్చని వైద్యం. ఫైళ్లని వార్ ఫోల్డర్ కింది డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూలోకి మార్చండి. ఇంకో వెబ్ సర్వర్ అపాచీ ముందే నడుస్తుంటే పోర్టు 80 దొరక్క ఎన్‌జిన్‌ఎక్స్ లేవదు, ఎవరు పట్టుకున్నారో ఎస్ఎస్ కమాండ్ చెబుతుంది. కాన్ఫిగ్ మార్చిన ప్రతిసారీ రీలోడ్‌కి ముందు ఎన్‌జిన్‌ఎక్స్ మైనస్ టీ కొట్టి తప్పులున్నాయేమో చూసుకోవాలి.

ఫైర్‌వాల్ యూఎఫ్‌డబ్ల్యూ ఆన్ చేసే ముందు ఓపెన్ఎస్ఎస్‌హెచ్‌ని అనుమతించాలి. లేదంటే మళ్లీ ఎస్ఎస్‌హెచ్ కుదరదు. ఇక్కడైతే వర్చువల్‌బాక్స్ నల్ల కిటికీలోంచి సరిచేసుకోవచ్చు కాబట్టి ఈ తప్పు కావాలనే చేయించాం.

వచ్చే ఏడాది డేటాబేస్‌ని రెండో మెషిన్‌లో పెట్టి రివర్స్ ప్రాక్సీ (వచ్చిన అభ్యర్థనల్ని వెనకున్న సర్వర్‌కి చేరవేసే అమరిక) చేయిస్తాం. జమాఖర్చుల పట్టిక విడిగా ఇస్తున్నాం. అందరూ ఒకేసారి దించుకుంటే హాల్ వైఫై చతికిలబడుతుంది కాబట్టి ఐఎస్ఓ పెన్‌డ్రైవ్‌లో ఇస్తాం. కాపీ అయ్యాక ఎస్‌హెచ్‌ఏ256 (ఫైల్ చెడిపోలేదని తేల్చే గుర్తు సంఖ్య) సరిచూసుకోండి, బయోస్ సెట్టింగ్ ఇంటి దగ్గరే మార్చుకుని రండి.

కార్యవర్గం