పోగొట్టుకున్నారా, దోచుకున్నారా?

సంపాదకుడు గారికి,

‘డిజిటల్ అరెస్ట్ పేరుతో ఫోన్.. లక్షలు పోగొట్టుకున్న విశ్రాంత ఉద్యోగి’. ఇలాంటి శీర్షిక తరచూ కనబడుతోంది. ఆ ‘పోగొట్టుకున్న’ దగ్గర ప్రతిసారీ నా మనసు చివుక్కుమంటుంది.

చెయ్యి కాలింది అనడానికీ, చెయ్యి కాల్చుకున్నాడు అనడానికీ తేడా మనకెవరూ నేర్పక్కర్లేదు. రెండోదాంట్లో ‘చూసుకోవద్దూ’ అన్న మందలింపు ఉంది. పోగొట్టుకోవడమూ అంతే. బడి నుంచి వచ్చిన పిల్లాణ్ణి ‘గొడుగు ఎక్కడ పోగొట్టుకొచ్చావురా’ అని గదమాయిస్తాం. ‘చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకున్నాడు’ అన్నప్పుడు మాత్రం జాలే తప్ప నింద లేదు, నిజమే. డబ్బు దగ్గరికొచ్చేసరికి అదే మాట వేలెత్తి చూపుతుంది.

ఇంట్లో దొంగలు పడితే ‘నగలు ఎత్తుకెళ్లారు’ అని రాస్తారు. ఇంటాయన నగలు పోగొట్టుకున్నాడని రాయరు, తాళం సరిగా వేయలేదని తెలిసినా రాయరు. మరి పోలీసు యూనిఫాం వేసుకుని వీడియో కాల్‌లో కూర్చుని, నకిలీ వారంటు చూపించి, ఫోన్ పెట్టేయనివ్వకుండా బెదిరించి లాక్కున్నవాడు దొంగ కాడా? చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు. అంత అబద్ధమాడినవాడి ఊసు ఆ శీర్షికలో ఎక్కడా ఉండదు.

మా పెద్దన్నయ్యకు 74 ఏళ్లు. నిరుడు ఇలాగే బెదిరించి, ఆయన దాచుకున్న డబ్బంతా ఊడ్చేశారు. మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. పాస్‌బుక్కు తీసుకెళ్లి బియ్యం డబ్బాలో కుక్కాడు. వదిన బియ్యం కొలవబోతే చేతికి తగిలింది. ఆమె నిలదీస్తే, ‘‘ఇంత చదువుకుని పోగొట్టుకున్నానని ఏ మొహంతో చెప్పమంటావే’’ అని ఏడ్చాడట. వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేస్తే, సొమ్ము చేతులు మారకముందే ఆపించే వీలుంటుంది. మేం చేసింది నాలుగో రోజున. అప్పటికే అది ఎన్ని ఖాతాలు దాటిపోయిందో.

ఆయన నోటికి ఆ మాట మీ పత్రికే అందించిందని నేననను. ఇళ్లలోనూ అదే మాట నలుగుతోంది. అయినా పత్రికలో రోజూ అచ్చయ్యే మాటకు బరువెక్కువ. దయచేసి ‘దోచుకున్నారు’, ‘కాజేశారు’ అని రాయించండి. ఆ వార్త కిందే 1930 నంబరు పెద్ద అక్షరాల్లో వేయించండి.

అన్నయ్య ఇప్పటికీ పొద్దున్నే మీ పత్రిక అక్షరం వదలకుండా చదువుతాడు. అలాంటి వార్త వచ్చిన రోజున మాత్రం పేపరు మడిచి కుర్చీ కింద పెట్టేస్తాడు.

– ఒక పాఠకురాలు, తెనాలి